వేలి చుక్కలో సీసం 8 అని వచ్చింది. పాప చేయి మళ్లీ గుచ్చాలా?

చిట్టితల్లి వాళ్లమ్మ:

అందరికీ నమస్కారం. మా పాపకు పదహారు నెలలు. టీకాకి తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు రెండు సంగతులు అడిగారు: ఇల్లు ఎంత పాతది, ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు అని. ఇల్లు మా మామగారి నాన్నగారు కట్టించినది. కిటికీల మీద రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. పాపకి పళ్లు వస్తున్నాయి, కిటికీ పట్టుకుని నిలబడి ఆ చెక్కనే కొరుకుతుంది. మా ఆయన బ్యాటరీలు బాగుచేసే చోట పనిచేస్తారు. ఈ రెండూ వినగానే, పాత రంగుల్లోనూ బ్యాటరీల్లోనూ సీసం (లెడ్) ఉంటుంది, లెడ్ టెస్ట్ చేయిద్దాం అన్నారు.

వేలికి గుచ్చి ఒక చుక్క తీసి, అక్కడే ఉన్న చిన్న యంత్రంలో పెట్టారు. 8 వచ్చింది. ఇది ఖాయం కాదు, నరం నుంచి తీసి ల్యాబ్‌కి పంపాలి అని నర్సుగారు చెప్పారు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే చర్చ. పిల్ల ఆడుతోంది, తింటోంది, "అత్త", "తాత" అని పిలుస్తోంది, ఒంట్లో విషం ఉన్న పిల్ల ఇలా ఉంటుందా అని మా అత్తయ్య. పోయిన నెల హిమోగ్లోబిన్ చూశారు కదా, 10.2 ఉంది, రక్తంలో ఏదైనా ఉంటే అందులోనే తెలిసేది కదా అని మా ఆడపడుచు. మా ఆయన ఏమీ మాట్లాడటం లేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఆ వేలి నంబరును ఎంతవరకు నమ్మాలి? ఇంత చిన్న చేతిలో నరం దొరుకుతుందా? ఒకవేళ నిజంగా 8 ఉంటే మందు వాడాలా? మా పెద్దవాడికి అయిదేళ్లు, వాడికీ చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

---

నమూనా గది:

అమ్మా, నేను పిల్లల దగ్గర రక్తం తీసే పనిలో ఉన్నాను. నమూనా తీయడం, ల్యాబ్‌కి పంపడం, వచ్చిన రిపోర్టు తల్లిదండ్రులకు చదివి చెప్పడం రోజూ చేసే పనే. మందుల సంగతి మీ డాక్టరుగారు చెప్పాలి. సూది సంగతీ నంబరు సంగతీ నేను చెప్తాను.

మళ్లీ తీయించండి. ఎందుకంటే సీసం మనం వెతుకుతున్నది రక్తంలో, కానీ అది పిల్లల చేతి మీద కూడా ఉంటుంది. నేల మీద పాకిన చేయి, కిటికీ పట్టుకున్న చేయి, పొద్దుటి నుంచి నాన్న చొక్కా పట్టుకుని తిరిగిన చేయి. గుచ్చినప్పుడు ఆ చర్మం మీది దుమ్ము కంటికి కనపడనంత కలిసినా చుక్కలో నంబరు పెరిగిపోతుంది. స్పిరిట్ దూదితో తుడిచాం కదా అంటారు. స్పిరిట్ క్రిముల్ని చంపుతుంది, సీసాన్ని తీసేయదు. సబ్బు, ధారగా పడే నీళ్లు, ఈ రెండే దాన్ని వదిలిస్తాయి. కడిగిన తర్వాత ఆ వేలు దేనికీ తగలకూడదు, మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోవాలి. ఏడుస్తూ గింజుకునే పదహారు నెలల పిల్లతో ఇవన్నీ పద్ధతిగా జరగడం ఎంత కష్టమో నాకు తెలుసు. వేలి చుక్కలో 8 వచ్చిన పిల్లల్లో నరం రక్తంలో 2 వచ్చినవాళ్లనూ చూశాను, అదే 8 వచ్చినవాళ్లనూ చూశాను. మీ పాప ఏ వైపో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వేలి చుక్కలో తక్కువ వస్తే మామూలుగా దాన్ని నమ్ముతాం, ఎందుకంటే చర్మం మీది దుమ్ము నంబరును పెంచుతుంది కానీ తగ్గించదు. ఎక్కువ వస్తే మాత్రం నరం రక్తంతో ఖాయం చేసుకోవాల్సిందే.

ఎంత తొందరగా అంటే, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన గడువులు ఇలా ఉన్నాయి: వేలి చుక్కలో 3.5 నుంచి 9 దాకా వస్తే 3 నెలల లోపు, 10 నుంచి 19 వస్తే నెల లోపు, 20 నుంచి 44 వస్తే 2 వారాల లోపు, 45 దాటితే 48 గంటల లోపు. అంటే మీరు ఈ రాత్రి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. కానీ మూడు నెలలు ఆగమని నేను చెప్పను. ఆ కిటికీ ఇంట్లో ఉంది, పాప దాన్ని రోజూ కొరుకుతోంది.

నరం దొరుకుతుందా అన్నారు. దొరుకుతుంది. మోచేతి మడతలో తీస్తాం. పిల్లల చేతిలో అలవాటు ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి, అంతకుముందు పాలో నీళ్లో బాగా పట్టించండి, పరగడుపున రావాల్సిన పని లేదు. మీరు కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకుని రక్తం తీసే చేతిని కాక రెండో చేతిని మీ చంక కింద పెట్టుకోండి. ఏడుస్తుంది. తీయాల్సింది రెండు మూడు మిల్లీలీటర్లే.

ఇక్కడ ఒక్క మాట ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మళ్లీ మళ్లీ గుచ్చించుకోవాల్సి వచ్చేది చాలాసార్లు దీనివల్లే. రక్తంలోని సీసం దాదాపు 99 శాతం ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది. అందుకే గడ్డకట్టని నిండు రక్తం కావాలి, పైన తేలే సీరం పనికిరాదు. ఊదారంగు మూత ట్యూబులోనో, లోహాల పరీక్షలకని ఉండే ముదురు నీలం మూత ట్యూబులోనో తీస్తారు. తీయగానే ఆ ట్యూబును ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. చేయకపోతే గడ్డకడుతుంది, ల్యాబ్ వెనక్కి పంపేస్తుంది. ట్యూబు సీసం పరీక్షకు పనికొచ్చేదేనా అని అడగడానికి మొహమాటపడకండి. నన్నెవరైనా అడిగితే సంతోషిస్తాను. ఇంకోటి, నరం రక్తాన్ని ఆ చిన్న యంత్రంలోనే పెట్టి చూస్తాం అని ఎవరైనా అంటే వద్దనండి. అక్కడికక్కడే ఫలితం చెప్పే యంత్రాల్లో బాగా వాడుకలో ఉన్న ఒక రకం నరం రక్తంలో అసలు కంటే తక్కువ చూపించవచ్చని 2017లో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పెద్ద ల్యాబ్‌కే వెళ్లాలి.

హిమోగ్లోబిన్ పరీక్షలో సీసం కనపడదు. అది వేరే పరీక్ష. కానీ మీ ఆడపడుచు గారు గుర్తుచేసిన ఆ 10.2 నాకు ముఖ్యమే అనిపిస్తోంది. ఆ వయసులో అది తక్కువ. పేగులో ఇనుమును లోపలికి చేర్చే దారిలోనే సీసం కూడా వెళ్తుంది, ఇనుము కరువైనప్పుడు ఒళ్లు ఆ దారిని ఇంకా పెద్దది చేస్తుంది, సీసం కూడా ఎక్కువ పోతుంది. అసలే పసిపిల్లలు మింగిన సీసంలో పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పట్టించుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నరం నుంచి తీసేటప్పుడే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూస్తారా అని డాక్టరుగారిని అడగండి, ఒకే గుచ్చుతో అయిపోతుంది. ఐరన్ చుక్కలు మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి.

మీ అత్తయ్యగారికి మెల్లగా ఒక సంగతి చెప్పండి. ఈ స్థాయిలో సీసం ఉన్న పిల్లలు ఆడతారు, తింటారు, నవ్వుతారు. జ్వరం రాదు, వాంతి కాదు. అది పనిచేసేది మెదడు పెరుగుదల మీద, చదువు మీద, నిలకడ మీద, అదీ బడికి వెళ్లే వయసు వచ్చాక బయటపడుతుంది. చూస్తే తెలిసేది అయితే రక్తం తీయాల్సిన పనే ఉండేది కాదు.

పెద్దవాడికి కూడా చేయించండి. అదే ఇల్లు, అదే నాన్న. మీవారికి కూడా, ఆయన పనిచేసే చోట మిగతావాళ్లకి కూడా. ఆయన తప్పు చేశారని కాదమ్మా. ఆయన ఒంట్లో ఇంకా ఎక్కువ ఉండవచ్చు, ఆయన్ని గురించి కూడా ఆలోచించాలి కదా.

---

ఇద్దరు పిల్లల నాన్న:

పై ఆయన అన్నీ చెప్పారు. నేను మా ఇంట్లో జరిగింది చెప్తాను, ఫలితం వచ్చాక ఏం చేయాలో మీకు పనికొస్తుందని.

మా చిన్నవాడికి నరం రక్తంలో 14 వచ్చింది. మేం ఉండేది అద్దె ఇల్లు, యజమాని పాత తలుపులకు కొత్త రంగు వేయిస్తూ పాత రంగంతా ఎమరీ పేపరుతో గీకించాడు. పొడి గీకుడు. ఆ దుమ్ము ఇల్లంతా పేరుకుంది. వాడికి అప్పుడు పాకే వయసు. ఇల్లు చూడటానికి వచ్చిన ఆరోగ్యశాఖ ఆవిడ తలుపుల కంటే ముందు కిటికీ రెక్క మూసుకునే గాడిలో వేలు పెట్టి చూపించింది. బూడిదలాంటి దుమ్ము. కిటికీ తెరిచి మూసిన ప్రతిసారీ రంగు రాసుకుని అక్కడ రాలుతుందట. చెక్క కొరకని పిల్లలకు కూడా సీసం ఎక్కువగా వెళ్లేది ఆ దుమ్ములోంచే అని చెప్పింది. నేల మీద దుమ్ము చేతికి, చేయి నోటికి.

మాకు చెప్పినవి: చీపురు పట్టొద్దు, మామూలు వాక్యూమ్ వాడొద్దు, రెండూ దుమ్మును గాల్లోకి లేపుతాయి. తడిగుడ్డతో తుడవాలి, రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకటి సబ్బు నీళ్లు, ఒకటి గుడ్డ జాడించడానికి. కిటికీ గాడి మొదట, నేల తర్వాత. రంగు మీద పొడిగా గీకడం, మంటపెట్టి ఊడబెరకడం రెండూ ప్రమాదమే. ఆ పని జరిగే రోజుల్లో పిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు. మేం మా అత్తగారింట్లో పెట్టాం. మీరు ఫలితం దాకా ఆగకుండా ఈరోజే ఆ కిటికీ దగ్గర మంచమో బీరువానో అడ్డం పెట్టేయండి, పాప అందుకోకుండా.

మీవారి విషయం: పనిలో వేసుకున్న బట్టలు, బూట్లు ఇంట్లోకి రాకూడదు. వీలైతే అక్కడే స్నానం చేసి రావాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. ఎత్తుకోవడం కడుక్కున్నాకే.

ఆవిడ మా ఇంట్లో రంగు ఒక్కటే చూసి వెళ్లిపోలేదు. పొద్దున్నే కుళాయిలోంచి వచ్చే మొదటి నీళ్లు పట్టుకుంది. మరగబెట్టి తాగుతున్నాం అన్నాను, మరగబెడితే సీసం పోదు అంది. మెరుపు పూత ఉన్న మట్టి పాత్రలు, వంట గిన్నెలు, కంటికి పెట్టే కాటుక, ఇంట్లో వాడే భస్మాలు, పాత బొమ్మలు, పసుపు పొడి, అన్నీ అడిగింది. మెరిసే పసుపు రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పొడులు ఉంటాయట.

నంబరు దిగడం గురించి ముందే తెలుసుకుంటే మంచిది, లేకపోతే కంగారుపడతారు. ఇల్లు శుభ్రం అయ్యాక మా వాడికి 14 నుంచి 11, తర్వాత 9, ఆ తర్వాత 6. వెంటనే పోదు. రక్తంలో ఉన్న సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది, కానీ ఎముకల్లో చేరినది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది. దిగుతోందా లేదా అన్నదే చూడండి. మధ్యలో పెరిగితే ఇంకో దారి ఏదో తెరిచి ఉందని అర్థం.

---

సూటిగా:

ఆ అమ్మగారికి పరీక్ష వద్దని అనడం లేదు. ఆవిడ ఇంట్లో కారణాలు ఎదురుగా ఉన్నాయి. నా అభ్యంతరం వేరు, ప్రతి పసిబిడ్డకీ ఇది చేయాలనే వాదన మీద. లక్షణాలు లేని అయిదేళ్ల లోపు పిల్లలందరికీ పరీక్ష చేయడం వల్ల మేలెంత, కీడెంత అని తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం యూఎస్‌పీఎస్‌టీఎఫ్ 2019లో రాసింది. 2001లో వచ్చిన పెద్ద పరిశోధనలో రక్తంలో సీసం 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పిల్లల్లో కొందరికి సీసాన్ని ఒంట్లోంచి బయటికి పంపే సక్సిమర్ మందు ఇచ్చారు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ల రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మాత్రం తేడా లేదు. మరి మందుతో బాగుచేయలేనిదాన్ని కనిపెట్టి తల్లుల గుండెల్లో భయం పెట్టడం ఎందుకు? ఆ ఖర్చుతో పాత ఇళ్లు బాగుచేయవచ్చు కదా.

---

నమూనా గది:

మీరు చెప్పిన రెండూ నిజమే. కానీ ఆ రెండో సంగతి చదివినప్పుడు నాకు మీకు తోచినదానికి పూర్తిగా వ్యతిరేకంగా తోచింది. మందు వెనక్కి తీసుకురాలేదు కాబట్టే ముందే కనిపెట్టాలి. 20 దాకా ఎక్కిన తర్వాత చేసేది చాలా తక్కువ. 6 దగ్గర పట్టుకుంటే ఎక్కువ చేయవచ్చు, అది కూడా ఫార్మసీలో కాదు, కిటికీ దగ్గర.

ఆధారాలు చాలవు అనడం పరీక్ష వద్దు అనడం కాదు. అదే బృందం ఇంకో మాట కూడా రాసింది: ఇల్లు పాతదా, ఏం పని చేస్తారు అని ప్రశ్నలడిగి ఎవరికి ప్రమాదమో పట్టుకోవడం సరిగా కుదరదని. అంటే ఒంట్లో సీసం ఉన్న పిల్లలు చాలామంది ఆ ప్రశ్నల్లోంచి జారిపోతారు. అందుకే అమెరికాలో పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ కింద ఉన్న పిల్లలందరికీ 12 నెలలకు, 24 నెలలకు రక్తపరీక్ష తప్పనిసరి చేశారు. నేలకు దగ్గరగా, చేతులు నోట్లో పెట్టుకుని తిరిగే వయసు అదే.

2023లో నార్త్ కరోలినాలో జరిగింది గుర్తుందా? మామూలుగా చేసే పరీక్షలో కొందరు పిల్లలకు సీసం ఎక్కువ వచ్చింది. వెతుక్కుంటూ పోతే యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో కలిపిన దాల్చినచెక్క పొడిలో దొరికింది. ఆ ప్యాకెట్లు తిన్న వందలాది మంది పిల్లల సంగతి తర్వాత బయటపడింది. మీ ఇల్లు పాతదా అని అడిగి వదిలేసి ఉంటే అది పట్టుబడేదా? అమెరికాలోనే ఫ్లింట్ ఊళ్లో కుళాయి నీళ్లలో సీసం వచ్చినప్పుడు కూడా అంతే. నీళ్లు బాగానే ఉన్నాయని అధికారులు అంటుంటే డాక్టర్ మోనా హన్నా అటిషా 2015లో పిల్లల రక్తపరీక్షల రికార్డులు ముందుపెట్టి చూపించారు. ఆ రక్తం అంతకుముందే తీసి ఉంది కాబట్టి చూపించగలిగారు.

పాత ఇళ్లు బాగుచేయాలన్న మీ మాటకు నా రెండు చేతులూ ఎత్తుతాను. ఏ ఇళ్లు ముందు అన్నది ఎలా తెలుస్తుంది? పిల్లల రక్తం చూసే కదా చాలాచోట్ల తెలుసుకుంటున్నారు. అది నాకు అస్సలు నచ్చదు, ఇంటిని పరీక్షించి పిల్లను కాపాడాలి గానీ పిల్లను పరీక్షించి ఇంటి సంగతి తెలుసుకోవడం ఏమిటి. కానీ ఇళ్లన్నీ పరీక్షించే రోజు వచ్చేదాకా నేను సూది కింద పెట్టను.

---

చిట్టితల్లి వాళ్లమ్మ:

అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే నరం నుంచి తీయించాం, పెద్దవాడికి కూడా. బట్టల సంగతి చదివి మా ఆయన మొదటిసారి మాట్లాడారు, బట్టలు అక్కడే మార్చుకుని వస్తున్నారు. కిటికీకి మంచం అడ్డం పెట్టాం.

ఇప్పుడే రిపోర్టు వచ్చింది. పాపకి 61 అని ఉంది. బాబుకి 24. నాకు చేతులు ఆడటం లేదు. 45 దాటితే 48 గంటలు అని మీరే రాశారు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలా? వేలి చుక్కలో 8 ఉన్నది 61 ఎలా అవుతుంది?

---

నమూనా గది:

అమ్మా, ఒక్క నిమిషం. 61 పక్కన ఏం రాసి ఉందో చూసి చెప్పండి. డెసిలీటరుకా, లీటరుకా?

---

చిట్టితల్లి వాళ్లమ్మ:

మైక్రోగ్రామ్స్ పర్ లీటర్ అని ఉంది.

---

నమూనా గది:

అయితే పాపకి 6.1, బాబుకి 2.4. కొన్ని ల్యాబ్‌లు లీటరు లెక్కన ఇస్తాయి, మనం ఇక్కడ మాట్లాడుకున్నవన్నీ డెసిలీటరు రక్తంలో ఎన్ని మైక్రోగ్రాములు అనే లెక్క. లీటరులో పది డెసిలీటర్లు, కాబట్టి పదితో భాగించాలి. ఇంకొన్ని చోట్ల మైక్రోమోల్స్‌లో ఇస్తారు, అలా అయితే పాపది 0.29 అని ఉండేది. అయినా డాక్టరుగారికి ఈ రోజే ఫోన్ చేసి ఆ కాగితం చదివి వినిపించండి, ఆయన నోటితో కూడా వినండి.

6.1 చిన్న సంగతి అని మాత్రం అనను. సీడీసీ చూసే గీత 1991లో 10, 2012లో 5, 2021 నుంచి 3.5. ఆ 3.5 కూడా అంతవరకు క్షేమం అని గీసినది కాదు, అమెరికాలో 1 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ సీసం ఉన్న రెండున్నర శాతం మందిని వేరుచేసే గీత. ఇంత ఉంటే పరవాలేదు అనే స్థాయి ఇంతవరకు ఎవరూ కనుక్కోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో 5 వచ్చినా, దాటినా ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుని ఆపమంది. మీ పాప దానికి పైనే ఉంది. సక్సిమర్ లాంటి మందుల మాట 45 దగ్గర వస్తుంది, పాపకి ఆ అవసరం లేదు. ఇంటర్నెట్‌లో ఒంట్లోని లోహాలు కడిగేస్తామని అమ్మేవి ఏవీ దగ్గరికి రానివ్వకండి. వెంట్రుకల పరీక్ష అన్నా అంతే.

ఇంటి తనిఖీ ఎవరు చేస్తారో డాక్టరుగారిని అడగండి. ఫెరిటిన్ ఎంత వచ్చిందో కూడా చూపించండి. పాపకి 3 నెలల్లో మళ్లీ నరం నుంచి, అదే ల్యాబ్‌లో. వేరే ల్యాబ్ అయితే తేడా పాపదా ల్యాబ్‌దా అని తేల్చుకోలేం. మీవారి రిపోర్టు రాగానే పక్కన రాసిన యూనిట్‌తో సహా ఇక్కడ పెట్టండి.